మతిమరుపు పెద్దవాళ్లకి హోమ్‌లో ఏం పని చెప్పాలి?

మీరు అడిగింది ఇదీ. శ్రీకాకుళం దగ్గర ఒక వృద్ధుల హోమ్‌లో మీరు పనిలో చేరి మూడు నెలలైంది. పద్దెనిమిది మంది పెద్దవాళ్లలో ఏడుగురికి డిమెన్షియా, అంటే మెదడు జబ్బుతో వచ్చే మతిమరుపు. రంగుల పుస్తకాలు, పజిల్ ముక్కలు, ప్లాస్టిక్ బంతి కొన్నారు, ఎవరూ ముట్టుకోవడం లేదు. పొద్దుట లేచింది మొదలు టీవీ నడుస్తూనే ఉంది. ఒక తాత రోజూ సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గరికెళ్లి పట్టుకుని ఊపుతున్నారు. వీళ్లని ఎలా ఎంగేజ్ చెయ్యాలి, ఏ ఏ యాక్టివిటీలు పెట్టాలి, ఒక లిస్టు ఇవ్వమన్నారు.

లిస్టు ఇవ్వను. ఇస్తే మీరు గోడకి అంటిస్తారు, మర్నాటి నుంచి ఆయాలు అది చూసి టిక్కులు పెడతారు. నేనూ అదే చేశాను కాబట్టి చెబుతున్నాను. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా రిటైరయ్యాక విజయనగరం పక్కన ఒక చిన్న హోమ్ తొమ్మిదేళ్లు చూసుకున్నాను. మొదటి ఏడాది నేను పెట్టిన యాక్టివిటీలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. డెబ్బై ఎనిమిదేళ్ల రైతుకి ఏనుగు బొమ్మ ఇచ్చి రంగు వెయ్యమన్నాను. ఆయన పెన్సిల్ చెవి మీద దోపుకుని, "మడి తడపాలమ్మా, ఎల్తాను" అని లేచి వెళ్లిపోయారు. మతి పోయింది ఆయనకి కాదు, నాకు.

అసలు "ఏం చేయించాలి" అనే ప్రశ్న పక్కన పెట్టండి. ఈ మనిషి ఇన్నాళ్లూ ఏ పని చేసి బతికారు, ఆ పనిలో ఇవాళ్టికి ఎంత మిగిలింది? ఇది తెలిస్తే మిగతాది దానంతటదే దారికొస్తుంది. డిమెన్షియాలో, ముఖ్యంగా అల్జీమర్స్‌లో, ముందుగా పోయేది కొత్త జ్ఞాపకం. పొద్దున్న ఇడ్లీ తిన్నారో ఉప్మా తిన్నారో చెప్పలేరు. కానీ చేతులకి అలవాటైన పని మెదడులో వేరే చోట ఉంటుంది, అది చాలా కాలం నిలుస్తుంది. కొడుకు పేరు తడుముకునే మనిషి ముడి వేయడంలో, కూర తరగడంలో, జడ అల్లడంలో తడబడకపోవడం మీరే చూస్తారు. పాట కూడా అంతే. మాట పోయినవాళ్ల దగ్గర కూడా పాట మిగిలి ఉంటుంది.

మా దగ్గర జూట్ మిల్లులో పనిచేసిన తాత ఒకరు ఉండేవారు. ముప్పై ఏళ్లకి పైగా షిఫ్టులు. మధ్యాహ్నం భోజనం అవ్వగానే చొక్కా వేసుకుని గేటు దగ్గరికి బయల్దేరేవారు. మేం తాళం వేసేవాళ్లం, ఆయన గేటు ఊపేవారు, మేం లాక్కొచ్చేవాళ్లం, ఆయన కొట్టేవారు. రోజూ ఇదే భాగోతం. "మిల్లు లేదు తాతా, రిటైరై పాతికేళ్లయింది" అని నిజం చెప్పి చూశాం. ప్రతిరోజూ ఆయనకది కొత్త కబురే. రోజూ ఉద్యోగం పోయినట్టే. "ఇవాళ సెలవు" అని అబద్ధం చెప్పి చూశాం. రెండు రోజులు పనిచేసింది, మూడో రోజు "ఏటి, రోజూ సెలవేనా" అని అనుమానపడ్డారు. చివరికి ఒకరోజు నేనే పక్కన నడుస్తూ, "ఏ డిపార్ట్‌మెంటు తాతా?" అని అడిగాను. అంతే, నిలబడిపోయారు. స్పిన్నింగు, మిషను చప్పుడు, ముక్కులో దుమ్ము, మేస్త్రీ తిట్లు అన్నీ చెప్పుకొచ్చారు. ఆ రోజు గేటు దాకా వెళ్లనే లేదు.

వాళ్ల అబ్బాయికి ఫోన్ చేస్తే ఇంకో సంగతి తెలిసింది. మిల్లులో చేరకముందు ఆయనది గోగు పండించే ఇల్లు. చిన్నప్పుడే తాడు పేనడం వచ్చు. సంతలో గోగునార రెండు కట్టలు తెప్పించి, కొంచెం తడిపి ముందు పెట్టాను. పెట్టి ఊరుకున్నాను, ఏమీ చెప్పలేదు. కాసేపు చూశారు. రెండు పాయలు విడదీసి, అరచేతిలో ఉమ్మేసుకుని, లుంగీ పైకి మడిచి తొడ మీద ఒక్క తోపు తోశారు. పురి పడింది. రెండో చెయ్యి ఆ కొసని పట్టుకుని తిరగేసి చుట్టింది. కళ్లు ఎక్కడో రోడ్డు మీద ఉన్నాయి, చేతుల దారి చేతులదే. గంటన్నర కదల్లేదు.

ఇక్కడే నేనొక తప్పు చేశాను, మీరు చెయ్యకండి. నార రోజూ కొనాలంటే మేనేజ్‌మెంట్ ఒప్పుకోదేమోనని, ఆయన పేనిన తాడు రాత్రి విప్పించి పొద్దున్న అదే నార మళ్లీ ఇచ్చేదాన్ని. ఎలాగూ మర్చిపోతారు కదా అని. నాలుగో రోజు రాత్రి బాత్రూమ్‌కి లేచి, వరండాలో ఆయా విప్పుతుంటే చూసేశారు. "నా తాడు ఎందుకిప్పేస్తున్నావు?" అన్నారట. మర్నాటికి ఆ సంగతి గుర్తు లేదు, అడిగితే తెల్లమొహం వేశారు. కానీ వారం రోజులు నార ముట్టుకోలేదు, ఆ ఆయా అన్నం పెడితే మొహం తిప్పుకున్నారు. జరిగింది మర్చిపోతారు గానీ, అది మిగిల్చిన బాధ మనసులో ఉండిపోతుంది. మంచిగా గడిచిన పూట కూడా అలాగే ఉండిపోతుంది, "మర్చిపోయేదానికి చెయ్యడం ఎందుకు" అనేవాళ్లకి అదే జవాబు. తర్వాత ఆ తాడుతో బట్టల దండేలు కట్టాం, పెరట్లో చిక్కుడుపాదుకి పందిరి వేశాం. అటు వెళ్లినప్పుడల్లా దండెం ఒకసారి గుంజి చూసి, "గట్టిగుంది" అనుకునేవారు. నార ఖర్చు ఎంతనుకున్నారు? నెలకి మీరు కొన్న పజిల్ పెట్టె ఖరీదు కూడా కాదు.

అందుకని ముందు కూర్చుని ప్రతి ఒక్కరి గురించి ఇంటివాళ్లని అడిగి ఒక కాగితం రాసుకోండి. హోమ్‌లో చేర్చుకునేటప్పుడు మనం బీపీ, షుగరు, ఆధార్ రాసుకుంటాం, మనిషి గురించి రాసుకోం. ఇంట్లో ఏమని పిలిచేవారు, ఎన్నింటికి లేచేవారు, లేవగానే టీయా, చద్దన్నమా, అంబలా? ఏ పని చేశారు, ఆ పనికి ముందు చిన్నప్పుడు ఏం చేశారు? గుడా, చర్చా, మసీదా, ఏదీ కాదా? ఎవరితో పడదు? దేనికి భయం? ఈ ఆఖరిది మర్చిపోకండి. మాకొక పలాస వైపు మామ్మ ఉండేది. టీవీలో తుఫాను హెచ్చరిక వస్తే చాలు, మంచం కింద దూరిపోయేది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిన రాత్రి వాళ్ల ఇంటి పైకప్పు లేచిపోయిందని తర్వాత కూతురు చెప్పింది. వార్తల ఛానెల్‌లో ఆ గాలి బొమ్మ పదిసార్లు వేస్తే ఆవిడకి తుఫాను పదిసార్లు వచ్చినట్టే. టీవీ కట్టేయండి అంటే ఆయాలు మొదట నా మీద గొణిగారు, సీరియల్ వాళ్లదే కదా. పూటకి ఒక గంట, అదీ అడిగినవాళ్ల కోసం, అని తేల్చుకోండి. రోజంతా మోగే టీవీ ఉన్న గదిలో ఏ యాక్టివిటీ నడవదు.

చేతులు ఏం చేస్తున్నాయో కూడా కనిపెట్టండి. పొందూరు నుంచి వచ్చిన మామ్మ పొద్దస్తమానం పైట కొంగు దారాలు పీకేది. కొత్త చీర వారంలో చీలికలు. "చెయ్యి ఊరుకోదు, మందు పెంచమని డాక్టరుని అడగండి" అంది డ్యూటీ నర్సు. కాగితంలో చూస్తే, పెళ్లికి ముందునుంచీ ఇంట్లో నూలు వడికిన మనిషి. పొందూరు సన్న ఖద్దరు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, వాలుగ చేప దవడతో పత్తి ఏకే ఊరు అది. ఆవిడ పీకుతున్నది చీర కాదు, చేతికి పత్తి అందక వెతుక్కుంటోంది! మెడికల్ షాపు దూది తెచ్చి ఇచ్చాను, దీపానికి వత్తులు చెయ్యమని. రెండు వేళ్లతో నలిపి చూసి, "ఇది పత్తా?" అని పక్కన పారేసింది. నాకు నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది. తర్వాత గింజతో ఉన్న పత్తి తెప్పించాం. గింజ తీయడం, దూది విడదీయడం, వత్తి చేయడం. రాట్నం కూడా తెచ్చి పెట్టాను గానీ అది ఆవిడకి అప్పటికే దాటిపోయింది, చక్రం తిప్పితే దారం పట్టుకోవడం మర్చిపోయి ఏడ్చింది. వెంటనే తీసేశాను. ఓడిపోయే పని ముందు పెట్టకూడదు. వత్తుల దాకా ఆవిడ గెలుస్తుంది, అక్కడ ఆగాలి. శుక్రవారం దీపానికి ఆ వత్తులే వాడేవాళ్లం, ఆవిడ చూస్తుండగా వెలిగించేవాళ్లం.

ఒక జాగ్రత్త. నోట్లో పెట్టుకునే దశలో ఉన్నవాళ్ల దగ్గర గింజలు, పూసలు, చింతపిక్కలు ఉంచకండి, గొంతుకి అడ్డం పడతాయి. గురివింద గింజలు అందంగా ఉన్నాయని ఏరే పనికి ఎవరైనా తెస్తే గేటు బయటే ఆపేయండి, అవి విషం. కత్తి, కత్తిపీట అందరికీ వద్దు అనను, పక్కన మనిషి కూర్చుని ఉంటే కొందరికి ఇవ్వొచ్చు. మాకు బెండకాయలు తరిగే మామ్మ వేలు ఒక్కసారి కూడా తెగలేదు, తెగింది పక్కన కూర్చున్న నాకే.

మీ దగ్గర ఉన్నది ఇద్దరు ఆయాలు, ఇంకో పనికి టైమ్ లేదంటారు, నిజమే. కాబట్టి యాక్టివిటీ అని విడిగా పెట్టకండి, హోమ్‌లో ఎలాగూ జరిగే పనిలో వాళ్లని కలుపుకోండి. ఉతికిన తువ్వాళ్లు మడతపెట్టడం, సంక్రాంతి ముందు పచ్చి కందికాయలు ఒలవడం, ములగాకు దూయడం, ఎండాకాలం చింతపండు పిక్క తీయడం, తులసికి నీళ్లు, గుమ్మం ముందు ముగ్గు, మంచినీళ్ల గ్లాసులు అందరికీ పెట్టడం. ఆలస్యం అవుతుంది, మడత వంకరగా వస్తుంది. వాళ్ల ముందే విప్పి మళ్లీ మడవకండి. మా వంటావిడ మొదట్లో "వాళ్ల చేతులు శుభ్రం కాదు" అని గొడవ పెట్టింది. అందరి చేతులూ సబ్బుతో కడిగించి కూర్చోబెడితే పదిహేను రోజుల్లో ఆవిడే "మామ్మలు రాలేదేటి, కాయలు ఎవరు ఒలుస్తారు" అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పిలుపు ఉందే, అది మీరు పెట్టే ఏ ప్రోగ్రాం కన్నా ఎక్కువ. తన అవసరం ఇంకొకరికి ఉందన్నమాట.

చెప్పే తీరు మీద సగం ఆధారపడి ఉంటుంది. నిలబడి పై నుంచి చెప్పకండి, ఎదురుగా కూర్చుని కంటికి కన్ను కలిశాక మాట్లాడండి. ఒక్కసారి ఒక్క మాట. "ఇవి ఒలిచి, తొక్క అటేసి, గింజలు గిన్నెలో వేసి..." అంటే మొదటి ముక్కే మిగలదు. మీరు ఒక కాయ ఒలిచి చూపించండి, రెండోది వాళ్ల చేతిలో పెట్టండి. మొదలవ్వకపోతే మీ చెయ్యి వాళ్ల చేతి కింద పెట్టి కదపండి, పైన పెట్టి నొక్కకండి. "గుర్తుందా? నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్షలు పెట్టేవాళ్లని, చుట్టాలైనా సరే, మెల్లగా ఆపండి. "ఏం కావాలి?" అని కాకుండా రెండు వస్తువులు చూపించి "ఇదా, అదా?" అనండి. ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలా గొప్ప. వద్దని లేచిపోతే పోనివ్వండి, గంట తర్వాత మళ్లీ పిలవండి. మా దగ్గర మంచి సమయం పొద్దున్న టిఫిన్ తర్వాతే. పొద్దు వాలే వేళకి చాలామందికి చిరాకు, కంగారు పెరుగుతాయి, అప్పుడు కొత్త పని పెట్టకూడదు. చీకటి పడకముందే లైట్లు వేసి, చప్పుడు తగ్గించండి.

గుంపుగా చేసేవాటిలో నేను తిన్న దెబ్బ భజన. ముసలివాళ్లంటే భజన అని మనకో గుడ్డి నమ్మకం. మైకు పెట్టి, తాళాలు ఇచ్చి, పదహారు మందిని కూర్చోబెట్టాను. వినికిడి మిషను పెట్టుకున్న మామ్మ చెవులు మూసుకుని ఏడ్చింది. ఉద్దానం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు లేచి కుర్చీ తన్నారు. ఆయన జీవితంలో గుడి మెట్టు ఎక్కలేదని, కుర్రతనంలో ఎర్రజెండా పట్టుకుని ఊరూరా తిరిగారని తర్వాత తెలిసింది. ఆయనకి జముకుల కథ (జముకు వాయిస్తూ పాడే మన వైపు జానపద కథ) రికార్డింగు ఫోన్‌లో పెడితే మోకాలి మీద వేళ్లతో దరువు వేసేవారు. ఇప్పుడైతే అయిదారుగురికి మించి కూర్చోబెట్టను, మైకు అసలే వద్దు. పాట వాళ్ల పదిహేనో ఏటి నుంచి పాతికో ఏటి లోపుది అయితే బాగా అందుకుంటారు. ఎవరు ఏ పాటకి నోరు కదిపారో రాసి పెట్టుకోండి.

స్కూలు మాస్టారు ఒకరు ఉండేవారు, మాట దాదాపు పోయింది. పేపరు హెడ్డింగులు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చేతికిస్తే గడగడా చదివారు! అర్థం ఎంతవరకు తెలుస్తోందో చెప్పలేను గానీ, చదవడం అనేది చాలామందిలో ఆలస్యంగా పోతుంది. రోజూ పదింటికి ఆయన చదివేవారు, మిగతావాళ్లు వినేవారు. ఒక మామ్మ రోజూ "బాగా సెప్పినారు బాబూ" అనేది. హాజరు పట్టీ కూడా ఇచ్చాం. పేరు పిలిస్తే ఆయాలు కూడా "ప్రెజెంట్ సార్" అనాలి, అనకపోతే కళ్లజోడు మీంచి చూసేవారు.

పద్ధతి ప్రకారం చేసేది ఏదైనా ఉందా అని కూడా మీరు అడిగారు. కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ అని ఒకటుంది, మాటలతో, ఆటలతో మెదడుకి పని పెట్టే పద్ధతి, ఇంగ్లండులో పుట్టింది, చెన్నైలో మనవాళ్లకి తగ్గట్టు మార్చి చూశారు. వారానికి రెండుసార్లు, ఒక్కోటి ముప్పావుగంట, ఏడు వారాల్లో మొత్తం 14 సెషన్లు. చిన్న గుంపు, ఒక్కో రోజు ఒక్కో విషయం, తప్పొప్పులు దిద్దడం ఉండదు. మొదటి, మధ్య దశల్లో ఉన్నవాళ్లకి మంచిదే, వీలైతే నేర్చుకోండి. దశ ముదిరినవాళ్లకి అది కాదు.

ముదిరి మంచాన ఉన్నవాళ్లకి యాక్టివిటీ ఏముంటుంది అంటారు. వాసన ఉంటుంది, స్పర్శ ఉంటుంది. తలకి కొబ్బరినూనె గోరువెచ్చగా రాసి పది నిమిషాలు నెమ్మదిగా పట్టండి. వంటింట్లో పోపు వేసే వేళకి మంచం తలుపు దగ్గరికి జరపండి. మల్లెలు, ఆవపిండి, తడిసిన మట్టి. మా విజయనగరంలో దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ, ముందురోజు తొలేళ్లు. ఆ జనంలోకి వీళ్లని తీసుకెళ్లడం నరకం, వద్దు. తొలేళ్ల రోజు వేపరొట్టలు, పసుపు తెచ్చి గదిలో పెట్టి, డప్పు వాయించే కుర్రాడిని వరండాలో దూరంగా మెల్లగా కొట్టమన్నాం. ఎనిమిది నెలలుగా మాటలేని మామ్మ కళ్లు తెరిచి, "సిరిమాను లెగిసిందా?" అంది. ఆ తర్వాత మళ్లీ ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటే.

పని మీద మనసు లేదని తేల్చేముందు వీటిని చూడండి. కళ్లజోడు తుడిచి ఉందా, అది ఆ మనిషిదేనా? (మా దగ్గర రెండు నెలలు ఒకరి జోడు ఇంకొకరు పెట్టుకుని తిరిగారు.) వినికిడి మిషనులో బ్యాటరీ ఉందా? పంటి నొప్పా, మోకాలి నొప్పా, మలబద్ధకమా? నొప్పి అని చెప్పలేక కసురుకుంటారు. నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లో తికమకపడితే, లేదా అదేపనిగా నిద్రపోతుంటే అది డిమెన్షియా పెరగడమే అనుకోకండి. యూరిన్ ఇన్ఫెక్షనో, నీళ్లు తగ్గడమో, కొత్త మందో అయి ఉంటుంది, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. చిరాకు తగ్గించడానికి నిద్రమత్తు మందులు అడిగి వేయించకండి. కొన్ని రకాలతో డిమెన్షియా ఉన్నవాళ్లకి పక్షవాతం, ప్రాణహాని రిస్కు పెరుగుతుంది, అవి డాక్టరు తప్పనిసరి అన్నప్పుడే. ఇంకొకటి, మీ వైపు ఉద్దానం నుంచి వచ్చిన కిడ్నీ పేషెంట్లు ఉంటారు కదా. తినే పదార్థాలతో యాక్టివిటీ పెట్టినప్పుడు కొబ్బరినీళ్లు, అరటిపళ్లు అందరికీ పంచేయకండి, వాటిలో ఉండే పొటాషియం వాళ్లకి ప్రమాదం. ముందు అడగండి.

పుట్టినరోజులకి కేకు పట్టుకుని వచ్చే దాతల గురించి కూడా రాశారు. నాకు వాళ్లంటే కోపం లేదు, ఫొటోలంటేనే కోపం. చప్పట్లు కొట్టు మామ్మా, నవ్వు తాతా, అని వీడియో తీసుకుని పావుగంటలో వెళ్లిపోతారు, ఆ గలాటాకి సాయంత్రం దాకా ఇద్దరు ముగ్గురు కుదురుకోరు. మేం ఒక రూలు పెట్టాం. వచ్చినవాళ్లు గంట కూర్చుని కందికాయలు ఒలవాలి, ఫోన్లు ఆఫీసులో ఇవ్వాలి. సగం మంది మళ్లీ రాలేదు. మిగతా సగం ఇప్పటికీ వస్తున్నారు.

అందరికీ ఎప్పుడూ పని ఉండాలనీ లేదు. వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయే ఆటోలు చూడడం కూడా మన ఊళ్లలో పెద్దవాళ్ల పనే. కుర్చీ గోడవైపు కాకుండా రోడ్డు వైపు తిప్పితే చాలు.

ఇక మీ గేటు తాత. ఆయన ఏ ఉద్యోగం చేశారో మీరు రాయలేదు, మీకూ తెలియదనుకుంటున్నాను. నాలుగు గంటలంటే ఏదైనా అయ్యుండొచ్చు. పిల్లల్ని బడి నుంచి తీసుకొచ్చే వేళ, పశువులకి కుడితి పెట్టే వేళ, బస్సు దిగే కూతురికి ఎదురెళ్లే వేళ. ఇవాళ రాత్రే ఇంటివాళ్లకి ఫోన్ చేసి, సాయంత్రం నాలుగింటికి ఆయన ఏం చేస్తుండేవారో అడగండి. రేపు మూడున్నరకే ఆయన పక్కకి వెళ్లి కూర్చోండి, గేటు దాకా కలిసి నడవండి. ఆయన చెప్పింది చెప్పినట్టు నాకు రాయండి, చేతికి ఏమివ్వాలో అప్పుడు చూద్దాం.